పర్మిషన్ పని చూసేవాళ్లను కొటేషన్‌కు ముందే పిలవండి

సంపాదకులు గారికి నమస్కారం.

భవన అనుమతుల జాప్యం మీద పత్రికల్లో తరచూ వార్తలు వస్తుంటాయి. వాటిలో ఇద్దరే కనిపిస్తారు: ఫైలు కదలనివ్వని అధికారి, డబ్బు తీసుకుని కదిలించే దళారి. అలాంటివాళ్లు లేరని మేం అనం. కానీ హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంటో, వాణిజ్య భవనమో కట్టడానికి ఒప్పుకున్న కాంట్రాక్టరుకు రోజులు ఎక్కువగా పోయేది అక్కడ కాదు. ఒక కాగితంలోని కొలత ఇంకో కాగితంలోని కొలతతో కలవని చోట పోతాయి. ఆ కాగితాలన్నీ ముందే దగ్గర పెట్టి సరిచూసి, ఏ అనుమతి చేతికి రాకుండా సైట్‌లో ఏ పని మొదలుపెట్టకూడదో కాంట్రాక్టరుకు చెప్పేవాళ్లు ఉన్నారు. లైజనింగ్ అనే ఒకే మాట కింద వీళ్లనూ దళారులనూ కలిపేయడం వల్ల ఇటు కాంట్రాక్టర్లు, అటు ఫ్లాట్లు కొనేవాళ్లు నష్టపోతున్నారు. ఆ నష్టం ఎక్కడెక్కడ జరుగుతుందో వివరంగా చెప్పాలనే ఈ ఉత్తరం.

600 గజాల ప్లాటునే తీసుకోండి. దస్తావేజులో గజాలుంటాయి, ప్రభుత్వ భవన అనుమతుల పోర్టల్‌లో చదరపు మీటర్లు అడుగుతుంది. గజానికి 0.8361 చొప్పున లెక్కిస్తే 501.66 చదరపు మీటర్లు వస్తుంది. భవన అనుమతుల కోసం తెలంగాణ 2020లో తెచ్చిన టీఎస్‌-బీపాస్ చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లలోపు ప్లాటులో 10 మీటర్ల ఎత్తులోపు ఇంటికి స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తుంది. ఈ ప్లాటు ఆ గీతను రెండు చదరపు మీటర్లు కూడా దాటలేదు, అయినా అధికారులు పరిశీలించాకే అనుమతిచ్చే సింగిల్ విండో దారిలోకి వెళ్లిపోతుంది. అక్కడ 21 రోజుల గడువుంది కానీ అది అన్ని పత్రాలూ సక్రమంగా ఉన్న దరఖాస్తుకే వర్తిస్తుంది. అమ్మకానికి కడుతుంటే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) కింద నమోదు తప్పనిసరయ్యే గీత కూడా 500 చదరపు మీటర్ల దగ్గరే, లేదా 8 ఫ్లాట్ల దగ్గర. 597 గజాలైతే విస్తీర్ణం వల్ల వచ్చే ఈ తంటా లేదు. ఇంత చిన్న లెక్కను దస్తావేజు చూసిన మొదటి రోజే చెయ్యాలి. చెయ్యకుండా, 'వారంలో పర్మిషన్ వస్తుంది, దసరాకు పునాది' అని యజమాని చెప్పిన మాట మీద కాంట్రాక్టరు సెంట్రింగ్ సామాను, మేస్త్రీల ముఠాను మాట్లాడేసుకుంటాడు.

ఇంకొందరు దస్తావేజులో 600 గజాలున్నా ప్లానులో 499 చదరపు మీటర్లు చూపించి తక్షణ అనుమతి తీసుకోమని సలహా ఇస్తారు. స్వీయ ధ్రువీకరణ అంటే తనిఖీ లేదని కాదు, తనిఖీ తర్వాత జరుగుతుందని. తప్పుడు వివరాలతో తీసుకున్నట్టు తేలితే అనుమతి రద్దవుతుంది, కట్టింది నోటీసు లేకుండానే కూల్చే అధికారం ఆ చట్టంలోనే ఉంది. అప్పటికి ఉక్కు, సిమెంటు అప్పు మీద తెచ్చి పోసింది కాంట్రాక్టరే.

విస్తీర్ణం తర్వాత గొడవ రోడ్డు వెడల్పుది. దస్తావేజులో 30 అడుగుల రోడ్డు అని ఉంటుంది, అంటే 9.14 మీటర్లు. నేల మీద టేపు పెడితే అటూ ఇటూ ప్రహరీలు ముందుకొచ్చి 28 అడుగులే మిగిలి ఉంటుంది. మాస్టర్ ప్లాన్‌లో అదే రోడ్డు 40 అడుగులు కావాల్సి ఉండొచ్చు. అప్పుడు రోడ్డు మధ్యగీత నుంచి కొలిచి, విస్తరణలో పోయే పట్టీని వదులుకుని, కొత్త హద్దు నుంచి ముందు సెట్‌బ్యాక్ (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీలో ముందు వైపుది) లెక్కించాలి. మంజూరైన ప్లానులో ఇదంతా సరిగ్గానే ఉంటుంది. తేడా వచ్చేది సైట్‌లో. మార్కింగ్ వేసే మేస్త్రీ పాత ప్రహరీ గోడ నుంచి టేపు లాగుతాడు. ఒక్క మీటరు తేడాతో అన్ని స్తంభాలూ ముందుకు జరిగిపోతాయి. ఫుటింగులు పోశాక దానికి మందు లేదు. అనుమతి పని చూసిన మనిషి మార్కింగ్ రోజున మంజూరు ప్లాను పట్టుకుని సైట్‌లో నిలబడాలని మేం గట్టిగా అనేది ఇందుకే. పర్మిషన్ కాపీ వాట్సాప్‌లో పంపితే ఆ పని అయిపోయినట్టు కాదు.

డ్రాయింగ్ అప్‌లోడ్ దగ్గర పోయే రోజులు పూర్తిగా తప్పించుకోగలిగినవి. కంప్యూటరే ప్లానును పరిశీలించే విధానం పదేళ్ల కిందటే వచ్చింది, 2025లో బిల్డ్‌నౌ అనే కొత్త పోర్టల్ వచ్చాక పరిశీలన ఇంకా వేగం పుంజుకుంది. కానీ ఆ సాఫ్ట్‌వేర్ గీతల్ని చదువుతుంది తప్ప ఉద్దేశాన్ని చదవదు. ప్లాటు హద్దు, భవనం అంచు, పార్కింగ్, మెట్లు, డక్టు, ఒక్కోటీ దానికి కేటాయించిన లేయర్‌లోనే ఉండాలి, ఆ గీత మొదలైన బిందువు దగ్గరే ముగిసి మూసుకోవాలి. మూలన ఒక మిల్లీమీటరు తెరుచుకుని ఉన్నా విస్తీర్ణం లెక్కకు రాదు. డ్రాయింగ్ మిల్లీమీటర్లలో గీసి మీటర్లని ఎంచుకుంటే అంకెలన్నీ గల్లంతవుతాయి. ఇలాంటివి ఆర్కిటెక్టు ఆఫీసులోనే పట్టుకోవచ్చు.

ఎత్తు సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే పెద్ద ప్రాజెక్టుల్లో పెద్ద నష్టం ఇక్కడే. బేగంపేట, శంషాబాద్, హకీంపేట, దుండిగల్... నగరంలోనూ చుట్టుపక్కలా విమానాల రాకపోకలున్నాయి. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఇచ్చే పత్రంలో భవనం ఎత్తు నేల నుంచి కాకుండా సముద్ర మట్టం నుంచి ఉంటుంది. ఉదాహరణకు శిఖర స్థాయి, అంటే భవనం పై కొస దాటకూడని మట్టం, 585 మీటర్లని ఇచ్చారనుకుందాం. సైట్ మట్టం 540 మీటర్లయితే మనకు మిగిలేది 45 మీటర్లు. అందులోనే ఓవర్‌హెడ్ ట్యాంకు, లిఫ్ట్ గది, పిడుగు కడ్డీ, యాంటెన్నా అన్నీ ఇమడాలి. మన నేల రాళ్ల గుట్టల నేల, ఒకే ప్లాటులో ఈ మూలకూ ఆ మూలకూ మూడు మీటర్ల వాలు ఉండటం మామూలు. సర్వేయరు పల్లపు మూల మట్టం రాసి ఇస్తాడు. ఆర్కిటెక్టు రోడ్డు మట్టాన్ని సున్నాగా తీసుకుంటాడు. కాంట్రాక్టరు రెండు మీటర్లు మట్టి పోసి ప్లింత్ (భవనం పీఠం) లేపుతాడు. శిఖర స్థాయి 585 దగ్గరే ఉండిపోతుంది కాబట్టి ఆ రెండు మీటర్లూ పై నుంచి కోతపడతాయి. చివరి అంతస్తు స్లాబ్ అయ్యాక ట్యాంకు కట్టే చోటు లేదని తెలుస్తుంది. టవర్ క్రేన్ బూమ్ ఆ స్థాయి దాటేలా ఉంటే దానికీ విడిగా అనుమతి అడగాలి. అందుకని సర్వేయరు నమోదు చేసిన మట్టాన్ని సైట్‌లో ఒక కదలని రాయి మీద రంగుతో గుర్తు పెట్టించి, ఆర్కిటెక్టుకూ కాంట్రాక్టరుకూ అదే అంకె రాతపూర్వకంగా ఇవ్వడం అనుమతి మనిషి బాధ్యత. ఖర్చు దాదాపు లేని పని ఇది.

పర్యావరణ అనుమతి దగ్గర మోసపోయేది కూడా ఒక లెక్క వల్లే. 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్ల నిర్మిత విస్తీర్ణం నుంచి ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. మున్సిపల్ లెక్కలో పార్కింగ్‌ను నిర్మిత విస్తీర్ణం నుంచి వేరుగా చూపిస్తారు. పర్యావరణ లెక్కలో సెల్లార్లతో సహా అన్ని అంతస్తులూ కలుస్తాయి. ఫ్లాట్లు 14,500, రెండు సెల్లార్లు, స్టిల్టు (స్తంభాల మీద వదిలిన పార్కింగ్ అంతస్తు) కలిపి 6,200 చదరపు మీటర్లు ఉన్న ప్రాజెక్టు మున్సిపల్ కాగితం మీద చిన్నదిగా కనిపిస్తుంది. పర్యావరణ లెక్కలో అది 20,700. ఆ అనుమతి రాకముందు స్థలానికి కంచె వేసుకోవచ్చు గానీ నేల చదును చేయడం, సెల్లార్ తవ్వడం కుదరదు. మున్సిపల్ పర్మిషన్ చేతికొచ్చింది కదా అని పొక్లెయిన్ దించితే అది ఉల్లంఘన కింద నమోదవుతుంది. తర్వాత కాలుష్య నియంత్రణ మండలి నుంచి రావాల్సిన పత్రాలన్నీ ఆ ఉల్లంఘన వెనకే ఆగుతాయి. సెల్లార్ తవ్వే సబ్ కాంట్రాక్టరుకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

చెరువులు, నాలాల గురించి ఇప్పుడు అందరికీ కొంత తెలుసు. 2024 జులైలో చెరువులు, నాలాల ఆక్రమణలను తొలగించే హైడ్రా సంస్థ ఏర్పాటయ్యాక ఇంకా బాగా తెలిసింది. 2012 నాటి భవన నిబంధనల జీవో 168లోనే వదలాల్సిన దూరాల కొలతలున్నాయి: 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, అంతకు తక్కువైన చెరువులు, కుంటలకు 9 మీటర్లు, 10 మీటర్ల కంటే వెడల్పైన నాలాకు 9 మీటర్లు, చిన్న నాలాకు 2 మీటర్లు. గూగుల్ మ్యాప్‌లో చెరువు దూరంగా కనిపించినంత మాత్రాన సరిపోదు. ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు, నీళ్లు ఎండిపోయిన చోట కూడా ఉంటుంది. రెవెన్యూ నక్షాలో వాగు ఉండి, నేల మీద దాని ఆనవాలే లేకపోవచ్చు. పాత గ్రామ నక్షా తెప్పించి సర్వే నంబరు మీద పెట్టి చూడటం టెండరు వేయడానికి ముందే జరగాలి.

అగ్నిమాపక శాఖ పత్రం విషయంలో ఒక్క సంగతి చెప్తాం. నివాస భవనం 18 మీటర్లు, వాణిజ్య భవనం 15 మీటర్లు లేదా ఆపైన ఉంటే ప్లాను దశలోనే ప్రొవిజనల్ ఎన్‌వోసీ (తాత్కాలిక నిరభ్యంతర పత్రం) తీసుకోవాలి. అందులో భూగర్భ సంపు ఎంత, టెర్రస్ ట్యాంకు ఎంత, మెట్ల వెడల్పు ఎంత అన్నీ రాసి ఉంటాయి. ఆ కాగితం యజమాని ఫైల్లో ఉంటుంది. సంపు మాత్రం కాంట్రాక్టరు మొదటి నెలల్లోనే, సెల్లార్ రాఫ్ట్‌తో (భవనం కింద పరిచే పునాది స్లాబ్‌తో) పాటు పోసేస్తాడు. తాగునీటి లెక్క చూసి పోసిన సంపు ఫైర్ లెక్కకు చాలదు. రెండేళ్ల తర్వాత తుది ఎన్‌వోసీ తనిఖీకి వచ్చినప్పుడు రాఫ్ట్ పగలగొట్టి సంపు పెంచడం కుదిరే పని కాదు. 18 మీటర్లు దాటిన భవనం చుట్టూ ఫైరింజను తిరగడానికి కనీసం 7 మీటర్ల ఖాళీ ఉంచాలి. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, జనరేటర్, సెక్యూరిటీ గది చివర్లో వచ్చి కూర్చునేది సరిగ్గా ఆ 7 మీటర్లలోనే. విద్యుత్ శాఖ ఎస్టిమేటు వచ్చే నాటికి ట్రాన్స్‌ఫార్మర్ చోటు సైట్ ప్లానులో ఖాయమై ఉండాలి.

రుతువు కూడా లెక్కలో ఉండాలి. వానాకాలంలో సెల్లార్ తవ్వకాలను, రోడ్డు కటింగులను కార్పొరేషన్ ఆపేస్తుంటుంది. పక్కింటి గోడ కూలి కూలీలు మట్టి కింద పడిన ఘటనల వల్ల వచ్చిన ఆంక్ష ఇది, న్యాయమైనదే. కాబట్టి మే నెల చివర్లో చేతికొచ్చిన పర్మిషన్, సెల్లార్ ఉన్న భవనానికి నిజానికి వానలు తగ్గాక వచ్చినట్టే. ఫిబ్రవరిలో దాఖలు చేయాల్సిన దరఖాస్తును ఏప్రిల్ దాకా సాగదీస్తే పోయేది రెండు నెలలు కాదు, ఆ ఏడాది తవ్వకం మొత్తం. ఒప్పందంలో గడువు రాసేటప్పుడు 'పని అప్పగించిన తేదీ నుంచి' అని కాకుండా 'తవ్వకానికి అవసరమైన అనుమతులన్నీ అందిన తేదీ నుంచి' అని రాయించుకోమని కాంట్రాక్టర్లకు మా మనవి. నిర్మాణ వ్యయంలో 1 శాతం కార్మిక సంక్షేమ సెస్సు, కాంట్రాక్టర్ ఆల్ రిస్క్ బీమా పాలసీ ప్రీమియం ఎవరు కట్టాలో కూడా అక్కడే తేలాలి. కొటేషన్‌లో ఇవి లేకపోతే ఫీజు ఇంటిమేషన్ (కట్టాల్సిన మొత్తం తెలిపే నోటీసు) వచ్చిన రోజు యజమానికీ కాంట్రాక్టరుకూ మాటా మాటా పెరుగుతుంది.

సగంలో ఆగిన పనిని తీసుకునే కాంట్రాక్టరుకు ఇంకో జాగ్రత్త. మంజూరు ఫైల్లో పాత కాంట్రాక్టరు, పాత స్ట్రక్చరల్ ఇంజినీరు హామీ పత్రాలుంటాయి. వాళ్లు తప్పుకున్నట్టు తెలియజేసి, కొత్తవాళ్ల పత్రాలు పెట్టేదాకా పని సాగకూడదు. అలా పెట్టకుండా స్లాబ్ వేస్తే, రేపు ఏదైనా ప్రమాదం జరిగితే ఆ స్లాబ్ ఎవరి బాధ్యత అన్నదానికి కాగితం మీద జవాబుండదు.

చివరి మెట్టు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, మన వాడుకలో ఓసీ. కాంట్రాక్టరుకు రావాల్సిన ఆఖరి బిల్లు చాలా ఒప్పందాల్లో దీనికే ముడిపడి ఉంటుంది. నిర్మిత విస్తీర్ణంలో 10 శాతం కార్పొరేషన్‌కు మార్ట్‌గేజ్ (తనఖా) చేసి ఉంటారు కాబట్టి, ఆ ఫ్లాట్లు విడిపించుకోవాలన్నా ఇదే కావాలి. మార్ట్‌గేజ్ పత్రంలో 101, 102 అని రాసి, తర్వాత ఫ్లాట్ల నంబర్లు మార్చేస్తే విడుదల దగ్గర కొత్త చిక్కు. సెట్‌బ్యాకుల్లో 10 శాతం వరకు తేడాను జరిమానాతో క్రమబద్ధం చేసే వీలుంది, ముందు సెట్‌బ్యాక్‌కు ఆ వెసులుబాటు లేదు. 3.5 మీటర్ల పక్క సెట్‌బ్యాక్‌లో 35 సెంటీమీటర్ల దాకా దారి ఉంటుంది. ముందు వైపు ప్లాస్టరింగ్ మందం, దాని మీద అతికించిన గ్రానైటు పలక మందం కూడా ప్రాణం మీదికొస్తాయి. ఆర్‌సీసీ అంచు సరిగ్గా గీత మీద నిలబెట్టి, తర్వాత 5 సెంటీమీటర్ల క్లాడింగ్ వేసిన భవనాలు ఓసీ దగ్గర ఇబ్బంది పడతాయి. ముందు వైపు ఫినిషింగ్ మందం వదిలి ఆర్‌సీసీ నిలబెట్టమని మార్కింగ్ రోజే చెప్పాల్సింది అనుమతి మనిషే.

ఓసీ లేకపోయినా పర్వాలేదు, జనం దిగిపోతారు అనే పాత ధీమా ఇక చెల్లదు. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఓసీ చూపాకే స్వాధీనం, ఓసీ చూపాకే కరెంటు, నీళ్లు, డ్రైనేజీ కనెక్షన్లు అని స్పష్టంగా ఆదేశించింది. బ్యాంకులు కూడా దాన్ని సరిచూసుకున్నాకే రుణమివ్వాలని చెప్పింది.

ఇక ఈ పని అప్పగించే పద్ధతి. మేం చూస్తున్న పెద్ద లోపం లాగిన్. పోర్టల్‌లో యజమాని పేరు మీద దరఖాస్తు ఉన్నా, మొబైల్ నంబరు మధ్యవర్తిది ఇస్తారు. షార్ట్‌ఫాల్ (దరఖాస్తులో లోపాలున్నాయనే) సందేశం, ఓటీపీ, ఫీజు ఇంటిమేషన్ అన్నీ అతని ఫోన్‌కే వెళ్తాయి. అతనితో తేడా వస్తే సొంత ఫైలు ఎక్కడుందో యజమానికే తెలియదు. నంబరు యజమానిదే ఉండాలి. ప్రభుత్వ ఫీజులన్నీ యజమాని ఖాతా నుంచి నేరుగా పోర్టల్‌లోనే కట్టాలి. అనుమతి మనిషి రుసుము విడిగా, దశలవారీగా, రసీదు మీద ఇవ్వాలి: పత్రాల పరిశీలన నివేదికకు కొంత, దరఖాస్తు దాఖలుకు కొంత, మంజూరుకు కొంత, ఓసీ దాకా ఆగే భాగం కొంత. 'అన్నీ కలిపి ఇంత, అడగొద్దు' అనేవాడి చేతికి ఫైలు ఇవ్వకండి. ఏది ప్రభుత్వానికి చేరిందో, ఏది చేరలేదో తెలియనిచ్చే ఉద్దేశం అతనికి లేదన్నమాట. లైసెన్సున్న ఇంజినీరు డిజిటల్ సంతకాన్ని అద్దెకు తెచ్చి ప్లాను అప్‌లోడ్ చేసేవాళ్లనూ దూరం పెట్టండి. సంతకం పెట్టినాయన సైట్ చూడకపోతే ఆ ధ్రువీకరణకు విలువేముంది?

న్యూయార్క్ నగరంలో యజమానుల తరఫున భవన శాఖలో కాగితాలు దాఖలు చేసేవాళ్లు తప్పనిసరిగా రిజిస్టర్ కావాలి. కాగితాలు దాఖలు చేసి తీసుకెళ్లేవాళ్లు ఒక తరగతి, నిబంధనల మీద అధికారులతో చర్చించగలిగేవాళ్లు రెండో తరగతి. తప్పు చేస్తే ఆ రిజిస్ట్రేషన్ పోతుంది. మన దగ్గర ఆర్కిటెక్టుకు, స్ట్రక్చరల్ ఇంజినీరుకు, బిల్డరుకు లైసెన్సుంది. వీళ్లందరి మధ్య ఫైలు పట్టుకుని తిరిగే మనిషికి మాత్రం ఏదీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీడీపీఎంఎస్ అనే అనుమతుల పోర్టల్, జీవో 119 భవన నిబంధనల కింద పనిచేసేవాళ్ల పరిస్థితీ ఇంతే.

రెండు రాష్ట్రాల పురపాలక శాఖలకు మా అభ్యర్థన. ఈ పని చేసేవాళ్లకు భవన నిబంధనల మీద ఒక పరీక్ష పెట్టి, నంబరిచ్చి, ప్రతి దరఖాస్తులో ఆ నంబరు రాయడం తప్పనిసరి చేయండి. ఎవరి దరఖాస్తుకు ఎన్ని షార్ట్‌ఫాల్స్ వచ్చాయో పోర్టల్‌లో జనానికి కనిపించనివ్వండి. షార్ట్‌ఫాల్స్ అన్నీ ఒకేసారి రాసి ఇవ్వాలని అధికారులకూ నియమం పెట్టండి. ఇవాళ లింకు డాక్యుమెంటు, వచ్చే వారం రోడ్డు వెడల్పు, ఆ పై వారం పార్కింగ్ అని విడతలుగా అడగడం వల్లే దళారికి పని దొరుకుతోంది.

ఇట్లు,
భవన అనుమతుల పనిలో ఉన్న కొందరు ఇంజినీర్లు, ప్లానర్లు
హైదరాబాద్